సర్కారు దవాఖానాలో ఉచితమైతే షరతులన్నీ ఒప్పుకోవాలా?

ఉత్తర తెలంగాణలోని ఒక పల్లె నుంచి ఒక సోదరి పొడవాటి ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టవద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రమే ఇస్తున్నాను.

ఆమె వయసు 26. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దదానికి ఆరేళ్లు, చిన్నదానికి మూడు. భర్త దుబాయిలో బిల్డింగ్ పనిలో ఉన్నాడు. కంపెనీ సెలవిచ్చినప్పుడు వచ్చి పోతుంటాడు. ఈసారి వచ్చి వెళ్లాక, జాగ్రత్త పడినా, నెల తప్పింది. అత్తతో కలిసి ఉంటూ బీడీలు చుట్టి ఇల్లు నడుపుతున్నారు. “చాట ఒళ్లె పెట్టుకుంటే జర్దా వాసనకే కడుపుల తిప్పుతున్నది. రోజుకు వెయ్యి చుట్టేదాన్ని, ఇప్పుడు ఐదు వందలు గూడ అయితలేవు” అని రాశారు.

ఈ కాన్పు వద్దనుకుని సర్కారు దవాఖానాకు పోయారు. స్కానింగ్‌లో ఎనిమిది వారాలు దాటిందని తేలింది. మొదటిసారి భర్త సంతకం కావాలన్నారు. ఫోన్ చేస్తే భర్త “అమ్మ ఎట్లంటే అట్ల” అన్నాడు. అత్తమ్మేమో “ఈసారి మగపిలగాడేమో, పట్నంల స్కానింగ్ చేయించి చూద్దాం, ఆడపిల్లయితే అప్పుడు తీయించుకో” అంటోంది. రెండోసారి పోతే అక్కడి సిస్టర్ కొత్త మాట చెప్పింది: “ఇద్దరు పిల్లలున్నరు గద, దాంతోటే పిల్లలు కాకుంట ఆపరేషన్ గూడ చేయించుకోవాలె. సర్కారు పైసలతోని ఉత్తగ చేస్తున్నం, మా మాట వినాలె గద.”

ఈ సోదరికి ఆపరేషన్ ఇష్టం లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ మాత్రలు ఇస్తానంటున్నాడు. ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో 12 వేలు అడిగారు. డల్లాస్‌లో ఎమ్మెస్ చదివే ఆడబిడ్డ కూతురు ఫోన్‌లో “అత్తా, ఇక్కడైతే గవర్నమెంట్ పైసా ఇవ్వదు, ఈ రాష్ట్రంలో అసలు చెయ్యనే చెయ్యరు. అక్కడ ఫ్రీగా చేస్తుంటే వాళ్లు చెప్పినట్టు ఒప్పుకో” అని సలహా ఇచ్చింది. ఉత్తరం చివర ఆమె అడిగింది ఇది: “ఈ కాన్పు వద్దు. గని ఇగ ఎన్నడు వద్దు అని ఇప్పుడే ఎట్ల చెప్పాలె? ఉత్తగ చేస్తున్నప్పుడు అడిగే హక్కు నాకున్నదా?”

* * *

ఉంది. ముందు ఆ మాట చెప్పి మిగతావి మాట్లాడతాను.

మీ ఉత్తరంలోని తేదీని బట్టి చూస్తే, ఇది మీరు చదివేసరికి పదో వారం నడుస్తుంటుంది. అందుకని వెంటనే తెలియాల్సినవి మొదట. మీరు మేజర్, మానసిక ఆరోగ్యం బాగున్న మనిషి. అబార్షన్‌కు మీ ఒక్కరి సమ్మతి చాలు. 1971 నాటి వైద్యపరమైన గర్భస్రావ చట్టం, అంటే ఎంటీపీ యాక్ట్, మూడో సెక్షన్‌లో అడిగేది గర్భవతి సమ్మతినే. అమ్మాయికి 18 ఏళ్లు నిండకపోతేనో, మానసిక అనారోగ్యం ఉంటేనో గార్డియన్ సంతకం కావాలి. భర్త సంతకమన్న ఊసు ఆ చట్టంలో ఎక్కడా లేదు. దవాఖానాలో మీ చేత పెట్టించాల్సిన సమ్మతి పత్రాన్ని ‘సి ఫారం’ అంటారు. అందులో సంతకం మీది. నిశానీ వేసేవాళ్లయితే వేలిముద్ర. అంతే.

రెండోది, ఆపరేషన్ షరతు. అదీ చట్టంలో లేదు. పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకుంటేనే అబార్షన్ చేస్తామనే అధికారం డాక్టరుకు గానీ, సిస్టర్‌కు గానీ, సూపరింటెండెంట్‌కు గానీ లేదు. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అదనపు షరతుల సంగతి సూటిగా చెప్పింది. కుటుంబ సభ్యుల అనుమతి తెమ్మనడం, చట్టం అడగని కాగితాలు తెమ్మనడం లాంటి అదనపు షరతులు డాక్టర్లు పెట్టకూడదంది. ఆ కేసు పెళ్లికాని ఒక యువతిది. తీర్పులోని ఈ మాట మాత్రం అందరికీ వర్తిస్తుంది.

ఒక విషయం దాచను. మన చట్టంలో అబార్షన్ అడగ్గానే చేసి తీరాల్సింది కాదు. ఫలానా కారణం ఉందని డాక్టరు సదుద్దేశంతో నమ్మి అభిప్రాయం రాయాలి. 20 వారాల దాకా ఒక్క డాక్టరు అభిప్రాయం సరిపోతుంది. మీరు జాగ్రత్త పడినా గర్భం వచ్చింది. అలా వచ్చిన గర్భం ఆడమనిషికి తీవ్రమైన మానసిక వేదన కలిగిస్తుందని చట్టమే అనుకుంటుంది. కాబట్టి మీ కారణం చట్టంలో ఉన్నదే. డాక్టరు ముందు ఆ మాట స్పష్టంగా చెప్పండి. “మాకు వద్దు” అని ఊరుకోకండి. ఏ జాగ్రత్త తీసుకున్నారో, ఎలా విఫలమైందో చెప్పండి.

ఇక సిస్టర్ అన్న మాట. ఆమెను తిట్టిపోయడం తేలిక. కానీ ఆ మాట ఆమె ఇంట్లో పుట్టింది కాదు, దాని వెనుక అరవై ఏళ్ల చరిత్ర ఉంది. అది తెలిస్తే మీకు అక్కడ నిలబడి మాట్లాడే ధైర్యం వస్తుందని కొంచెం వివరంగా రాస్తున్నాను.

1860లో బ్రిటిష్ వాళ్లు రాసిన శిక్షాస్మృతిలో 312వ సెక్షన్ అబార్షన్‌ను నేరంగా చూసింది. ప్రాణం కాపాడడానికి తప్ప ఇంకే కారణానికి చేసినా మూడేళ్ల దాకా జైలు. కడుపులో బిడ్డ కదలిక తెలిశాక అయితే ఏడేళ్ల దాకా. తనకు తాను చేసుకున్న స్త్రీ కూడా నేరస్తురాలే. ఇప్పుడు ఆ స్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చినా ఆ నేరం 88వ సెక్షన్‌గా అలాగే ఉంది. ఎంటీపీ చట్టం దానికి మినహాయింపు మాత్రమే. మన డాక్టర్లలో కొందరు అవసరానికి మించి కాగితాలు అడగడం వెనుక ఈ భయం కూడా ఉంటుంది.

ఆ మినహాయింపు ఎందుకు వచ్చిందో చూడండి. 1964లో కేంద్ర కుటుంబ నియంత్రణ బోర్డు చొరవతో శాంతిలాల్ షా అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. అది 1966లో నివేదిక ఇచ్చింది. దొంగచాటు అబార్షన్లతో ఆడవాళ్లు చచ్చిపోతున్నారన్న బాధ అందులో నిజంగానే ఉంది. కానీ ఆ రోజుల్లో ఢిల్లీని పట్టి కుదిపేస్తున్నది జనాభా లెక్క. రాజమండ్రిలో పుట్టిన జనాభా శాస్త్రవేత్త శ్రీపతి చంద్రశేఖర్ 1967 నుంచి 1970 దాకా కేంద్రంలో ఆరోగ్య, కుటుంబ నియంత్రణ మంత్రి. బిల్లు రూపు దిద్దుకున్నది ఆ కాలంలోనే. 1971లో చట్టమైంది, 1972 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. జాగ్రత్తలు విఫలమై వచ్చిన గర్భం గురించి అందులో ఏమని రాశారంటే, వివాహిత గానీ ఆమె భర్త గానీ పిల్లల సంఖ్యను పరిమితం చేసుకోవడానికి వాడిన పద్ధతి విఫలమైతే అని. పెళ్లికాని పిల్ల ఆ వాక్యంలోకి రావడానికి 2021 దాకా, అంటే 50 ఏళ్లు పట్టింది. ఆ ఏడాది సవరణలో భర్త స్థానంలో భాగస్వామి వచ్చాడు.

అంటే మన దగ్గర సర్కారు దవాఖానా తలుపులు మొదట తెరిచింది ఆడదాని హక్కు అనుకుని కాదు. పిల్లలు తక్కువ పుట్టాలని. ప్రభుత్వ ఆసుపత్రులకు ఈ చట్టం కింద విడిగా అనుమతి కూడా అక్కరలేదు. ఖర్చు సర్కారుదే. దాంతో పాటు సర్కారు లెక్కలూ లోపలికి వచ్చాయి. ఇన్ని ఆపరేషన్లు, గర్భం రాకుండా గర్భసంచిలో పెట్టే లూపులు ఇన్ని అని ప్రతి జిల్లాకూ టార్గెట్లు ఉండేవి. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే, దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. ఆ అతి చూసి జనం ఓట్లతో బుద్ధి చెప్పారు, మగవాళ్ల ఆపరేషన్లు పడిపోయాయి. టార్గెట్లు మాత్రం పోలేదు. బరువు ఆడవాళ్ల మీద పడింది. అబార్షన్‌కు వచ్చిన మనిషి చేతికి అందిన కేసు. ట్యూబెక్టమీకో, అంటే ఆడవాళ్లకు పిల్లలు కాకుండా చేసే ఆపరేషన్‌కో, లూపుకో ఒప్పుకుంటేనే చేస్తామనడం అలా అలవాటైంది. 1996 ఏప్రిల్‌లో కేంద్రం టార్గెట్లు ఎత్తేసింది. 2016లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు ఆపరేషన్ల క్యాంపులనే మాన్పించమంది, మనిషికి అర్థమయ్యేలా చెప్పి సమ్మతి తీసుకోవాలంది. ఆరోగ్య మంత్రిత్వ శాఖ అబార్షన్ మార్గదర్శకాలూ కుటుంబ నియంత్రణ పద్ధతిని షరతుగా పెట్టవద్దనే అంటాయి. జీవో పోయినా అలవాటు పోలేదు. మీకు ఆ సిస్టర్ చెప్పింది ముప్పై ఏళ్ల కిందట రద్దయిన పద్ధతి.

ఆపరేషన్ అంటే మీకు భయముంటే దాన్ని కూడా కొట్టిపారేయను. 2022 ఆగస్టు 25న మన ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక్క రోజే 34 మందికి ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లో నలుగురు చనిపోయారు. అందరూ చిన్న పిల్లల తల్లులే. సరైన శుభ్రతతో, తొందరపాటు లేకుండా చేస్తే ట్యూబెక్టమీ ప్రమాదకరమైనది కాదు. ఏటా లక్షల మంది చేయించుకుని బాగానే ఉంటున్నారు. కానీ మీకు వద్దనిపిస్తే మీ దగ్గర కారణం ఉన్నట్టే. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

ఇంకో ముచ్చట. ఇద్దరికి మించి పిల్లలుంటే సర్పంచ్‌గా పోటీ చేయనివ్వని చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1994లో వచ్చింది. 2024లో ఆంధ్రప్రదేశ్ దాన్ని ఎత్తేసింది. అంతటితో ఆగక, ఎక్కువ మందిని కనమని ముఖ్యమంత్రే పిలుపునిస్తున్నారు. ఒకప్పుడు వద్దన్న సర్కారే ఇప్పుడు కావాలంటోంది. ఇలా మారిపోయే లెక్కను నమ్ముకుని మీరు మళ్లీ మార్చుకోలేని ఆపరేషన్‌కు సంతకం పెట్టడమేమిటి?

డల్లాస్ అమ్మాయి చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ కథ పూర్తిగా వింటే ఆమె చెప్పిన సలహా రాదు, దానికి ఎదురు సలహా వస్తుంది. అమెరికాలో 1973లో రో వర్సెస్ వేడ్ తీర్పుతో అబార్షన్ రాజ్యాంగ హక్కయింది. నాలుగేళ్లు తిరక్కుండానే, 1976లో, హెన్రీ హైడ్ అనే పార్లమెంటు సభ్యుడు బడ్జెట్ బిల్లుకు ఒక సవరణ తెచ్చాడు. పేదల వైద్యానికి ప్రభుత్వం ఖర్చు పెట్టే మెడికెయిడ్ పథకంలో అబార్షన్‌కు డబ్బు ఇవ్వకూడదని. ఆయన దాచలేదు కూడా. పేద, మధ్యతరగతి, ధనిక ఆడవాళ్లందరినీ ఆపాలనే తనకుందనీ, చేతికి దొరికింది మాత్రం పేదల బిల్లేననీ సభలోనే అన్నాడు. ఆ సవరణ అమలైన కొద్ది వారాలకే, 1977 అక్టోబర్‌లో, టెక్సస్‌లోని మెకాలెన్‌లో రోజీ హిమెనెజ్ అనే 27 ఏళ్ల యువతి చనిపోయింది. చిన్న కూతురున్న ఒంటరి తల్లి, టీచర్ కావాలని చదువుకుంటోంది. మెడికెయిడ్ డబ్బు రాకపోవడంతో చవకలో అనధికారికంగా అబార్షన్ చేయించుకుంది, ఇన్ఫెక్షన్‌తో పోయింది.

1980లో హారిస్ వర్సెస్ మెక్రే కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో హైడ్ సవరణను సమర్థించింది. ప్రభుత్వం హక్కుకు అడ్డు పడకూడదు గానీ, తాను సృష్టించని పేదరికాన్ని తొలగించే బాధ్యత దానికి లేదంది. కొన్ని రాష్ట్రాలు సొంత నిధులతో ఇస్తూ వచ్చాయి, చాలా రాష్ట్రాలు ఇవ్వలేదు. అంటే అక్కడ దాదాపు యాభై ఏళ్లు హక్కుంది, పేదరాలికి డబ్బు లేదు. 2022 జూన్ 24న డాబ్స్ తీర్పుతో ఆ హక్కూ పోయింది. మీ మేనకోడలుండే టెక్సస్‌లో ఇప్పుడు తల్లి ప్రాణానికో, ఒంట్లోని ముఖ్యమైన పనికో పెద్ద ముప్పు వస్తే తప్ప చేయరు.

మన దగ్గర ఇది తలకిందులుగా నడిచింది. డబ్బు ముందొచ్చింది, హక్కు మెల్లగా కోర్టుల గుండా వచ్చింది. 2009లో సుచితా శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు, బిడ్డను కనడమూ కనకపోవడమూ రాజ్యాంగం 21వ అధికరణం కింద స్త్రీ వ్యక్తిగత స్వేచ్ఛ అంది. 2017లో వ్యక్తిగత గోప్యత రాజ్యాంగ హక్కేనన్న తీర్పు, 2022లో నేను పైన చెప్పిన తీర్పు. రెండు దేశాల్లోనూ నాకు కనిపించేది ఒకటే. ఖర్చు పెట్టేవాడు నిర్ణయం కూడా తనదే అనుకుంటాడు. అక్కడ చేయొద్దన్నాడు, ఇక్కడ ఆపరేషన్‌తో కలిపి చేయించుకో అంటున్నాడు. “అక్కడ ఏమీ ఇవ్వరు కాబట్టి ఇక్కడ ఏమన్నా ఒప్పుకో” అనడం అందుకే నాకు నచ్చలేదు. మీరు కొనే ఉప్పూ సబ్బూ దగ్గర్నుంచి పన్ను కడుతూనే ఉన్నారు. ఆ దవాఖానా మీకు దానమిచ్చినది కాదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

అదే దవాఖానాకు మళ్లీ వెళ్లడం ఒకటి. ఈసారి ఒంటరిగా వద్దు. మీ ఆశా వర్కర్‌తో చనువుంటే ఆమెను, లేదంటే నోరున్న ఇంకో ఆడమనిషిని వెంట తీసుకెళ్లండి. సిస్టర్‌తో వాదనకు దిగకుండా నేరుగా డాక్టర్ మేడంతో మాట్లాడండి. “నాకు ఎంటీపీ కావాలి, సి ఫారం మీద నా సంతకం నేను పెడతాను, ట్యూబెక్టమీకి నా సమ్మతి లేదు” అనండి. కాదంటే ఎందుకు కాదంటున్నారో కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వమన్నాక చాలామంది మెత్తబడతారు. అప్పటికీ కుదరకపోతే సూపరింటెండెంట్, ఆపైన జిల్లా వైద్యాధికారి, అంటే డీఎంహెచ్‌వో. ఇందులో చిక్కేమిటంటే అందరూ తెలిసిన ముఖాలే. మాట ఊళ్లోకి రావచ్చు. మీ వివరాలు బయటపెట్టడం నేరం. 2021లో చేర్చిన 5ఎ సెక్షన్ ప్రకారం ఏడాది దాకా జైలు పడవచ్చు. చట్టం అలా ఉన్నా ఊరి నోటికి తాళం వేయలేమని మీకూ తెలుసు.

జిల్లా ఆసుపత్రికో, మెడికల్ కాలేజీ ఆసుపత్రికో పోవడం ఇంకొకటి. మీ పరిస్థితిలో నాకు ఇదే నయమనిపిస్తోంది, నిర్ణయం మీదే. ఒక రోజు కూలీ, బస్సు ఛార్జీ పోతాయి. రద్దీ వల్ల రెండుసార్లు తిరగాల్సి రావచ్చు. కానీ మీరెవరో అక్కడ ఎవరికీ తెలియదు, స్పెషలిస్టులు ఉంటారు, పెద్ద ఆసుపత్రిలో ఇలాంటి బేరాలు కొంత తక్కువ. స్కానింగ్ రిపోర్టు దగ్గరుంచుకోండి. 12 వారాల లోపయితే గర్భసంచిలోంచి పీల్చి తీసే సక్షన్ పద్ధతిలో చేస్తారు, మామూలుగా ఆ రోజే ఇంటికి పంపేస్తారు. అక్కడ కూడా అడ్డు చెబితే జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకు, ఆదాయంతో పని లేకుండా, ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. ఫోన్ నంబరు 15100. మహిళల హెల్ప్‌లైన్ 181. ఒక లాయర్ ఫోన్ చేసి అడిగితేనే చాలాచోట్ల పని అయిపోతుంది, కేసు దాకా పోదు.

ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో త్వరగా అవుతుంది, ఎవరూ ఏమీ అడగరు. 12 వేలంటే మీ ఇంట్లో అప్పు. ఆ అప్పు ఎవరి దగ్గర తెస్తారు, అత్తమ్మకు తెలియకుండా ఎలా తీరుస్తారు అన్నది ముందే ఆలోచించుకోవాలి. అక్కడికే పోదామనుకుంటే, జిల్లా కమిటీ ఇచ్చిన ఎంటీపీ అనుమతి పత్రం గోడకు ఉందో లేదో చూడండి. అందరికీ కనబడేలా పెట్టాలన్నది నియమం. కనబడకపోతే వెనక్కి వచ్చేయండి.

ఆర్‌ఎంపీ మాత్రల దగ్గర నేను దారి చూపించను, వద్దనే అంటాను. మాత్రలు చెడ్డవని కాదు. తొమ్మిది వారాల దాకా, డాక్టర్ చూసి ఇస్తే అవి మంచి పద్ధతే. మీకు ఆ గడువు దాటిపోయింది. పైగా చట్టం చెప్పే డాక్టరు ఆయన కాదు. లోపల ముక్క మిగిలి రక్తం ఆగకపోతే రాత్రి పూట మిమ్మల్ని మోసుకుని పరుగెత్తేది ఆయన కాదు, మీ అత్తమ్మ.

ఆపరేషన్‌కు ఒప్పుకోవడం కూడా ఒక దారే, మీకే అనిపిస్తే. ఇంకొకరు పుడితే సాకలేమని మీరే నిశ్చయించుకుంటే అందులో తప్పేమీ లేదు. ఆ సమ్మతి పత్రం మీద కూడా భర్త సంతకం అవసరం లేదు. కానీ మీ ఉత్తరంలో అలా లేదు. ఒకసారి చేశాక తిరిగి కలపడం ఖర్చుతో కూడిన పని, ఫలిస్తుందన్న భరోసా లేదు. అబార్షన్ తర్వాత కాపర్-టీ వేయించుకోవచ్చు, మూడు నెలలకోసారి ‘అంతర’ ఇంజక్షన్ సర్కారు దవాఖానాలోనే ఉచితం. ఇవి మానేస్తే మళ్లీ పిల్లలు పుడతారు. అసలు మీ ఆయన సెలవుకు వచ్చినప్పుడు కోత, కుట్టు లేని వేసెక్టమీ ఆయనే చేయించుకోవచ్చు. ఆడవాళ్ల ఆపరేషన్ కంటే అది ఎంతో చిన్నది. ఈ మాట ఆ సిస్టర్ అడిగి ఉంటే బాగుండేది.

మనసు మారి బిడ్డను ఉంచుకోవాలనిపిస్తే అదీ మీ ఇష్టమే. కాన్పు, మందులు, రక్తం, రవాణా ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. ఇన్ని రాశాను కదా అని నేను ఒకవైపు నెడుతున్నానని అనుకోకండి.

అత్తమ్మ చెప్పిన స్కానింగ్ సంగతి మాత్రం దారుల్లో చేర్చడం లేదు. ఆడా మగా అని చూడడం 1994 చట్టం కింద నేరం. చెప్పిన డాక్టరుకు, చూపించమని అడిగిన బంధువులకు మూడేళ్ల దాకా జైలు. గర్భవతిని భర్తో అత్తింటివాళ్లో బలవంతం చేశారనే చట్టం మొదట అనుకుంటుంది, కాబట్టి చిక్కేది మీ అత్తమ్మే. ఈ ముక్క ఆమెకు చెప్పండి. దానికంటే పెద్ద చిక్కు కాలం. మామూలుగా ఇలాంటి దొంగ స్కానింగులు నాలుగో నెల వచ్చాక చేస్తారు. అప్పటికి మీకు పని కష్టమవుతుంది, ప్రమాదమూ పెరుగుతుంది. ఇద్దరు ఆడపిల్లల తల్లి అంత ఆలస్యంగా అబార్షన్‌కు వస్తే డాక్టర్లకు అనుమానం వస్తుంది, సరిగ్గానే వస్తుంది. 20 వారాలు దాటితే మీకు దారి దాదాపు మూసుకుపోతుంది. 24 వారాల గడువు అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భం సమయంలో వితంతువులైనవారు, విడాకులైనవారు లాంటి కొన్ని వర్గాలకే. 2023 అక్టోబర్‌లో ఇద్దరు పిల్లల తల్లి ఒకామె, కాన్పు తర్వాతి డిప్రెషన్‌తో బాధపడుతూ, 26 వారాలప్పుడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మొదట ఒప్పుకున్నారు, ఆనక గడువు దాటిందని, బిడ్డలో లోపం లేదని, తల్లి ప్రాణానికి తక్షణ ప్రమాదం లేదని నిరాకరించారు.

భర్తకు చెప్పాలా? ఆయనకు గర్భం సంగతి ఇప్పటికే తెలుసు. సంతకం అవసరం లేదు, సమాచారం ఇవ్వడం వేరే విషయం. 2007లో సమర్ ఘోష్ కేసులో సుప్రీంకోర్టు మానసిక క్రూరత్వానికి ఉదాహరణలు చెబుతూ, వైద్య కారణం లేకుండా భర్తకు తెలియకుండా అబార్షన్ చేయించుకోవడాన్ని కూడా ఒకటిగా పేర్కొంది. విడాకుల కేసుల్లో దీన్ని ఎత్తి చూపేవాళ్లున్నారు. అదే సుప్రీంకోర్టు 2017లో, భార్య తన అనుమతి లేకుండా అబార్షన్ చేయించుకుందని డాక్టర్ల మీదా ఆమె మీదా నష్టపరిహారం కోరిన భర్త అప్పీలును కొట్టేసింది. కాబట్టి ఆయన మిమ్మల్ని ఆపలేడు. అయినా రేపు గొడవ కాకుండా ఒక వాట్సాప్ వాయిస్ మెసేజ్ పెట్టండి: “ఈ కాన్పు నాతోని కాదు, ఫలానా రోజు దవాఖానాకు పోతున్న.” ఆయన మళ్లీ “అమ్మ ఎట్లంటే అట్ల” అంటే, తెలిసీ కాదనలేదన్నట్టే. ఫోన్లో ఆ మెసేజ్ తుడిచేయకండి. ఒకవేళ ఆయన బెదిరిస్తాడనో, మిమ్మల్ని ఇంట్లోంచి వెళ్లగొడతారనో భయముంటే మాత్రం ముందు 181కి ఫోన్ చేయండి, మెసేజ్ తర్వాత.

చేయించుకున్నాక నాలుగు రోజులైనా చాట పక్కన పెట్టండి. నెలసరి లాంటి రక్తస్రావం కొన్నాళ్లు ఉంటుంది, అది మామూలే. గంటకు రెండు ప్యాడ్లు పూర్తిగా తడుస్తూ రెండు గంటలు గడిచినా, జ్వరం, చలి వచ్చినా, కడుపు నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, దుర్వాసన వచ్చినా పొద్దున దాకా ఆగకండి. 108కి ఫోన్ చేసి, చేసిన ఆసుపత్రికే పోండి. వాళ్లిచ్చిన డిశ్చార్జి కాగితం వెంట పెట్టుకోండి.